నాయనకు చదివిపెట్టిన మిషను

పోయిన నెల ఇల్లు మారేటప్పుడు అటక మీది అట్టపెట్టెలో ఒక పాత కీబోర్డు బయటపడింది. మీటల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు బంకతో అంటించి, వాటి మీద నీలం పెన్నుతో తెలుగు అక్షరాలు రాసుండాయి. రాసుండాయి అనడం కూడా తప్పే, గీసుండాయి. 'శ' ఒక పక్కకి ఒరిగిపోయింది, 'ఝ' చూస్తే ఏదో పురుగు బొమ్మ మాదిరి ఉంది. అవి గీసిన చెయ్యి నాదే. అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు, రాయడం అసలే రాదు. ఇప్పుడు పత్రికల్లో నా పేరు చూసి, మీ తెలుగు ఎంత చక్కగా ఉంటుందమ్మా అని ఫోన్ చేసేవాళ్ళకి ఈ మాట చెప్తే వినయం అనుకుంటారు. వినయమూ లేదు, నా మొహమూ లేదు. సామాను మోసే మనిషి దాన్ని పాతసామాన్ల మూటలో వేసేదా అని తమిళంలో అడిగితే అతని చేతిలోంచి లాక్కున్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఖాళీ గదిలో నేల మీద కూచుండిపోయినాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇంక చెప్పకపోతే నాతోనే పోతుంది.

మా వాళ్ళు ఈ ఊరికి వచ్చి ఎన్ని తరాలయిందో మాలో ఎవరికీ తెలీదు. అడిగితే మా అత్త, "ఈడే పుట్టినాం, ఈడే పోతాం, ఆ లెక్కలు నీకెందుకు మే" అని కసిరేది. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం, బళ్ళో తమిళం. మా తెలుగు నోటికి వచ్చిందే గాని కంటికి రాలేదు. నాకు తెలివొచ్చేటప్పటికి ఇంటిల్లిపాదిలో చదవడం వచ్చింది నాయన ఒక్కడికే. చిన్నప్పుడు వాషర్‌మెన్‌పేట్‌లో ఒక తెలుగు బడికి పోయినాడు, నేను పుట్టేటప్పటికి అది మూసేసినారు. పెరంబూరులో రైలుపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. పొద్దున ఫ్యాక్టరీ సంగు, అదే సైరను, ఊదేటప్పటికి గేటు దగ్గర ఉండాల, అందుకని ఇంట్లో అందరి నిద్రా ఆ సంగుకి ముందే చెడేది. సాయంత్రం వచ్చినాక చేతులకి కిరసనాయిలు, రంపప్పొట్టు పట్టించి పెరట్లో కూచుని రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందున నలుపు పొయ్యేది కాదు. తర్వాత కాఫీ. తర్వాత స్టేషన్‌లో కొనుక్కొచ్చిన తెలుగు పేపరు. నాయన చదివేటప్పుడు పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. నేను ఎదురుగా కూచుని ఆ పెదాల్నే చూసేదాన్ని. నాకూ నేర్పు అని ఒకటి రెండు సార్లు అడిగినట్టు గుర్తు. తమిళంలో మార్కులు తెచ్చుకో పో అన్నాడు.

అత్త అంటే నాయనకు అక్క. మొగుడు టీబీతో పోయినాక మా ఇంటికి వచ్చేసింది. దగ్గు వినిపిస్తే ఆమెకి ప్రాణం పోయేది. బస్సులో ఎవరన్నా దగ్గితే చీర కొంగు తీసి నా ముక్కుకి అడ్డం పెట్టేది. ఇంటికి ఎవరొచ్చి కాఫీ తాగిపోయినా ఆ గ్లాసు వేణ్ణీళ్ళలో ఉడకాల్సిందే. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మకి ఆ జబ్బే వచ్చింది. సూళ్ళూరుపేట దగ్గర పల్లెలో పుట్టింటికి పంపించేసినారు. ఆడనే వైద్యం, ఆడనే పోయింది. నన్ను ఒక్కసారి కూడా తీసుకుపోయి చూపించలేదు. అడిగినప్పుడల్లా అత్తది ఒకటే మాట, "మీ అమ్మే నిన్ను తేవద్దనింది, నీకు అంటుకుంటుందని." నాయన పక్కనే ఉండి పేపరు చూసుకునేవాడు. నేను ఆ మాట నమ్మినాను. బళ్ళో గొప్పగా చెప్పుకున్నాను కూడా, మా అమ్మ నాకోసం నన్నే చూడకుండా పోయిందని. అమ్మ పోయినాక మేనమామ మా గడప తొక్కలేదు, ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె మొహం నాకు సగమే గుర్తు. గొంతు అసలే గుర్తు లేదు.

నాయన రిటైరయిన మూడో ఏట షుగరు కళ్ళకెక్కింది. అత్త అప్పటికే పోయింది, ఇంట్లో మేమిద్దరమే. పేపరు కొంచెం కొంచెంగా ముక్కు దగ్గరికి వచ్చి, కడాకి ముక్కుకే ఆనింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు అలవాటు కొద్దీ దాన్ని తెరిచి పట్టుకుని కూచునేవాడు. నేను పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో బిల్లులు వేసేదాన్ని. నాకు తమిళం వస్తుంది, బిల్లు వెయ్యను చాలినంత ఇంగ్లీషు వస్తుంది, ఆయనకి కావాల్సింది ఆ రెండూ కాదు. పై వాటాలో మాధవి అని విజయవాడ అమ్మాయి అద్దెకుండేది, కంప్యూటరు కంపెనీలో పని. ఆదివారం పూట కిందికి వచ్చి పేపరు చదివిపెట్టేది. నాయన సంతోషంగానే వినేవాడు. అందుకే, ఒకరోజు పనిముట్ల పెట్టె దించమని, ఆకురాళ్ళ కిందనుంచి మైనపుగుడ్డ మూట తీయించి, అందులో ఉన్నవి అమ్మ రాసిన ఉత్తరాలని చెప్పినప్పుడు, మాధవిని పిలిచేదా అన్నాను. ఎవరినో కొట్టినట్టు చెయ్యి విసిరినాడు.

"పరాయి నోట్లో మీ అమ్మ మాట వద్దు పాపా. మనిషి చదివితే మనిషికి తెలస్తుంది."

మొత్తం పన్నెండు ఇన్లాండు ఉత్తరాలు. పదకొండు విప్పినవి. పన్నెండోది విప్పలేదు, అంచుల బంక అట్నే ఉండింది. నేను దాన్ని వేలితో తడిమి ఇదేంది నాయనా అంటే దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పినాడు. దాని ముందు వచ్చిన ఉత్తరంలో అమ్మ శానా కోపంగా రాసిందంట. ఇది వచ్చిన రోజు విప్పడానికి ధైర్యం చాల్లేదంట. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని పెట్టెలో పెట్టినాడు, అంతలో ఆమె పోయిందని తంతి వచ్చింది. మనిషే పోయినాక చదివి ఏం చెయ్యాల అనుకున్నాడు. రిటైరయినాక, ఒక్కడే ఉన్నప్పుడు చదువుకుందాం అనుకున్నాడు, అప్పటికి కళ్ళు ఆగలేదు. పోయేలోపల అందులో ఏముండాదో వినాల, అది ఒక్కటే కోరిక అన్నాడు. నాకు ముప్పై దగ్గర పడతా ఉండింది, మా నాయన నన్ను ఏదన్నా కావాలని అడగడం అదే మొదలు.

కంప్యూటరు పైకి చదివి వినిపిస్తుందని మాధవి ముందొకసారి చెప్పింది, నాయన అది మనసులో పెట్టుకున్నాడు. మనిషికి తెలీకుండా మాట వినిపించేది ఆ మిషను ఒక్కటే కదా. నేను ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు ఒకటి సంపాదించినాను. దాంట్లో ఉన్నది తెలుగు మాట్లాడేది కాదు. మాధవి లినక్స్ అని ఒక డిస్కు తెచ్చిచ్చింది. అది ఎవరి సొత్తూ కాదంట, లోకంలో ఎవరెవరో కలిసి రాసి అందరికీ వదిలేసినారంట, దానికి తెలుగు గొంతు కూడా ఎవరో పుణ్యాత్ములు చేసి పెట్టినారంట. నేను గుళ్ళో ప్రసాదం మాదిరి అనుకున్నాను, చెయ్యి చాపితే పెడతారని. ఎంత పొడుగు వరసలో నిలబడాల్నో తెలీదు.

డిస్కు వేస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, కిందికి కిందికి పరిగెత్తేవి. నాయన పక్కన స్టూలు మీద కూచుని, ఏమడగతా ఉండాది, ఏమడగతా ఉండాది అని ప్రాణం తీసేవాడు. నాకు అర్థమైతే గదా చెప్పేది. కంప్యూటరులో ఉన్నదంతా తుడిచేసేదా అని అడిగితే సరే అన్నాను, పోయేదానికి అందులో మాది ఏముంది గనక. ఆయనకి కనపడకపోయినా ఫిట్టరు బుద్ధి పోలేదు. ఏ బోల్టు తర్వాత ఏ బోల్టు విప్పినావో సుద్దతో నంబరు వేసుకోకపోతే తిరిగి బిగించలేవు అని, నాచేత ఒక నోటుబుక్కు పెట్టించినాడు. నేను కొట్టిన ప్రతి ఆజ్ఞా, అది తిట్టిన ప్రతి తిట్టూ అందులో వరసగా రాసినాను. మొదటిసారి సగంలో నిలిచిపోయింది. రెండోసారి పూర్తయింది గాని శబ్దం రాలేదు. చదివి వినిపించాల్సిన మిషనుకి నోరు పడిపోయింది. ఆ నోరు తెరిపించడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ లోపల మాధవిని కంపెనీ బెంగుళూరుకి మార్చింది. పోతా పోతా ఒక కాగితం మీద పది ఆజ్ఞలు రాసిచ్చి, తెలుగు మీటలు ఏవి ఎక్కడుంటాయో బొమ్మ గీసిచ్చింది. ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యండి అనింది. రెండుసార్లు చేసినాను. తర్వాత ఆమె నంబరు మారిపోయింది.

తెలుగు గొంతు డిస్కులో రాలేదు, ఇంటర్నెట్టులో తెచ్చుకోవాల. ఇంట్లో ఆ కనెక్షను లేదు. మధ్యాన్నం భోజనం గంటలో పురసవాక్కం బ్రౌజింగ్ సెంటర్‌కి పోయి, పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, సాయంత్రం బస్సులో ఇంటికి తెచ్చి వేస్తే, ఇది పనిచెయ్యాలంటే ఇంకొక ప్యాకేజీ, అంటే ఇంకొక ముక్క, కావాలని అడిగేది. మర్నాడు ఆ ఇంకొకటి తెస్తే, దానికి మరొకటి. అన్నం సగంలో వదిలేసి, చేతిలో పెన్‌డ్రైవు పట్టుకుని ఎండలో ఎన్నిసార్లు నడిచినానో. ఒకసారి తెచ్చింది వేరే వెర్షనుదంట, ఈ లినక్సుకి కుదరదంట. నాకు తలప్రాణం తోకకి వచ్చింది. ఇంటర్నెట్టులో సాయం చేసేవాళ్ళు ఉంటారని మాధవి చెప్పినందుకు, నా వచ్చీరాని ఇంగ్లీషులో ఆడ ఒక ప్రశ్న పెట్టినాను. ముందు చదువుకుని రా అని ఒకాయన జవాబిచ్చినాడు. ఒళ్ళు మండిపోయింది. చదవడం వచ్చుంటే నాకు ఈ తద్దినం ఎందుకు?

నాయన కాళ్ళు అప్పటికే వాస్తా ఉండినాయి, కిడ్నీలు చూపించుకోమన్నారు. ప్రతి సాయంత్రం నేను చెప్పులు విడిచే చప్పుడు వినంగానే, వచ్చిందా అని అడిగేవాడు. ఇంకొకటి కావాలంట నాయనా అనేదాన్ని. ఆరోసారో ఏడోసారో అట్ట చెప్పినప్పుడు ఆయన విసుక్కోలేదు, ఆలోచించినాడు. స్టోర్సుకి ఇండెంటు, అదే సామాన్లు కావాలని చీటీ, రాసేటప్పుడు ఒక్కొక్క నట్టు రాసుకుంటా పోతే రైలుపెట్టె ఎప్పటికీ షెడ్డు దాటదు, మొత్తం ఏమేం కావాల్నో ముందే ఒక జాబితా ఇమ్మని దాన్నే అడుగు అన్నాడు. కంప్యూటరుని అట్ట అడగొచ్చని నాకు తోచనే లేదు. మర్నాడు అదే ప్రశ్న ఇంటర్నెట్టులో పెడితే ఎవరో ముక్కూమొహం తెలీని మనిషి ఒక వరస ఆజ్ఞ రాసి పంపించినాడు. అది కొడితే కావాల్సినవాటి పేర్లన్నీ వరసగా వచ్చినాయి. ఇరవై మూడు. అన్నీ ఒకే మధ్యాన్నం తెచ్చినాను. ఆ పంపించిన మనిషికి దండం పెట్టినట్టు నన్రి అని తమిళం మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసినాను, అతనికి అర్థమైందో లేదో.

ఆదివారం పొద్దున, నీళ్ళ లారీ వచ్చిపోయినాక, అది మొదటిసారి మాట్లాడింది. మగగొంతు, ముక్కుతో, జలుబు చేసిన పోలీసోడు దబాయించినట్టు. నాయన నవ్వినాడు. ఎన్ని నెలలకో నవ్వినాడు. బాగుండాది, దీనికి చెవుల్లేవు, ఇది ఎవరికీ చెప్పదు అన్నాడు. అప్పుడు గాని నాకు అసలు సంగతి వెలగలేదు. మిషను చదివేది కంప్యూటరులో కొట్టిన అక్షరాల్నే. ఇన్లాండు మీద చేత్తో రాసింది దానికి కనపడదు, ఎవరో ఒకరు చూసి కొట్టి పెట్టాల. అది చెప్తే నాయన మొహం మాడిపోయింది. నా వైపు తిరిగి, నీకు చదవడం రాదు గదా అన్నాడు. రాదన్నాను. ఒట్టేనా అన్నాడు. ఒట్టు అన్నాను. ఆయన గుండెల్లోంచి గాలి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. తన కూతురికి తన భాష చదవడం రాదని ఒక తండ్రి అంత నెమ్మది పడడం చూస్తే నాకు ఎక్కడో కాలింది. అయినా పనికి కూచున్నాను.

మీటల మీద కాగితాలు అంటించుకున్నది అప్పుడే. మాధవి బొమ్మ చూసి గీసుకున్నాను. ఉత్తరంలో ఒక ఆకారం, మీట మీద ఒక ఆకారం, రెండూ కలిస్తే కొట్టడం. తమిళంలో కొన్ని గుర్తులు అక్షరానికి ముందొస్తాయి, ఆ అలవాటున నేను ఈడా గుర్తు ముందు కొట్టి అక్షరం తర్వాత కొట్టేదాన్ని. తెర మీద చుక్కల సున్నాలు వచ్చేవి, మిషను నత్తిగా అరిచేది. అది సరిచేసుకున్నాక ఒత్తులు. అమ్మ చేతిరాత గొలుసుకట్టు, కొన్ని అక్షరాలు ఏవో తేలేది కాదు. అట్టాంటి చోట నాయన చెయ్యి పట్టుకుని ఆయన అరచేతిలో ఆ ఆకారం వేలితో గీసేదాన్ని. ముప్పై ఏళ్ళు ఆకురాయి పట్టిన చెయ్యి, తోలు మందం, గట్టిగా అదిమితే గాని తెలిసేది కాదు. అది 'ళ', ఇది 'ఱ' గాదు 'ట', దాని కింద 'వ' ఒత్తు అని చెప్పేవాడు. ఒక్కొక్క అక్షరం పేరు చెప్తే చదవడం నేర్పినట్టు కాదని అనుకున్నాడు పాపం. ఒక జీవితమంతా బిగించిన మనిషికి, ఒక్కొక్క బోల్టూ చేతికిస్తే రైలుపెట్టె తయారవుతుందని తట్టలేదు. మొదటి ఉత్తరం మూడు ఆదివారాలు పట్టింది. కొట్టడం అయినాక హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టి, మీట నొక్కి, నేను మిద్దె మీదికి పోయేదాన్ని. దిగొచ్చేటప్పటికి ఆయన గోడ వైపు తిరిగి కూచునుండేవాడు.

ఆరునెల్లు సావాసం చేస్తే వాళ్ళు వీళ్ళవుతారంటారు. నాకు అన్నినాళ్ళు కూడా పట్టలేదు. మూడో ఉత్తరం కొట్టేటప్పుడు ఒక ఆకారం మాటిమాటికీ వస్తున్నట్టు గమనించినాను. ఒక అక్షరం, పక్కన దీర్ఘం, మళ్ళీ అదే అక్షరం. వెనక్కి పోయి మొదటి రెండు ఉత్తరాల్లో చూస్తే అందులోనూ అదే. నాయన పక్కింట్లో కూచునుండాడు. హెడ్‌ఫోన్ ఊడదీసి, ఆ ఒక్క మాట మాత్రం విడిగా కొట్టి, మీట నొక్కినాను. ఆ ముక్కుగొంతు గదిలో పైకి అనింది, "పాప."

మళ్ళీ నొక్కినాను. ఎన్నిసార్లు నొక్కినానో తెలీదు. అమ్మ నన్ను ఉత్తరానికి నాలుగైదు సార్లు పిలిచింది, ఇరవై ఏళ్ళకి పైగా పనిముట్ల కిందనుంచి. ఆరోజు నుంచి నేను ఒట్టు తప్పినాను. ఒట్టు పెట్టిననాడు అది నిజమే, అంతే. కొట్టలేని ఆకారాలే కాదు, తెలిసినవి కూడా అరచేతిలో గీసి అడిగేదాన్ని. ఆరో ఉత్తరానికి వాక్యాలు అర్థమవుతా వచ్చినాయి. తొమ్మిదోదానికి నేను చదివేస్తున్నాను, ఆయనకి అనుమానం రాకుండా చేతులు మాత్రం నిదానంగా ఆడించేదాన్ని. చదివి ఏం తెలుసుకున్నాను? అమ్మ నన్ను తేవద్దని ఎక్కడా రాయలేదు. తెమ్మనే రాసింది, ప్రతి ఉత్తరంలో. ఒక్కసారి చూపించండి, దగ్గరికి రాను, వాకిట్లో నిలబెట్టండి, నేను చావిట్లోంచి చూస్తాను అని. గౌను కుట్టి పెట్టినాను, కొలత తెలీదు, పెద్దదిగానే కుట్టినాను అని. పదకొండోదాంట్లో, బిడ్డను చూపించని మొగుడి మొహం నేనూ చూడను అని రాసింది. ఆ మాటకి భయపడి నాయన పన్నెండోది విప్పలేదన్నమాట.

పన్నెండోది నేనే బ్లేడుతో కోసినాను. నాయన ఎదురుగానే కూచుని, ఆ చప్పుడు వింటా, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. తిట్లు ఉంటాయనే నేనూ అనుకున్నాను. లేవు. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసినారంట. తగ్గింది, ఇంటికి పోవచ్చు, బిడ్డ పక్కన పండుకోవచ్చని డాక్టరు చెప్పినాడంట. అన్నకి పొలం పని, తోడు రాలేడంట. "మీరే ఆదివారం పొద్దున రైలుకి రండి. మూట కట్టుకుని అరుగు మీద కూచునుంటాను. పోయినసారి కోపంగా రాసినాను, మనసులో పెట్టుకోవద్దు. పాపకి ముందే చెప్పొద్దు. వాకిట్లో నిలబడి నేనే పిలస్తాను." ఆ ఆదివారం నాయన డ్యూటీకి పోయినాడో, పేపరు చదువుకున్నాడో. అమ్మ మళ్ళీ రాయలేదు. వానలు పట్టినాక జబ్బు తిరగబడింది, ఆ ఉత్తరం రాసిన రెండున్నర నెలలకి పోయింది. మేనమామ ఎందుకు మొహం చాటేసినాడో కూడా అప్పుడే తెలిసింది.

మిషను మళ్ళీ మొరాయిస్తా ఉండాది, ఇంకొక ప్యాకేజీ కావాలంట నాయనా అన్నాను. ఆయన నమ్మినాడు, అన్నాళ్ళూ అదే వింటున్నాడు గనక. ఒక వారం అట్ట జరిపినాను. ఆ వారం రోజులు నేను ఆయనకి అన్నం పెట్టినాను, ఇంజక్షను వేసినాను, మొహం మాత్రం చూళ్ళేదు. ఉన్నది ఉన్నట్టు కొట్టి చెవిలో పెట్టి నొక్కేద్దామని ఎన్నిసార్లు కూచున్నానో. మా అమ్మ మూటతో అరుగు మీద ఎంతసేపు కూచుందో అది ఆయన వినాల గదా. వింటే న్యాయం. కాని శనివారం డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంకా నెలో రెండో, ఆయన అడిగింది పెట్టండి అన్నాడు. ఇంటికొచ్చి మిషను ముందు కూచుని, ఉత్తరం పక్కన పెట్టేసి, నా అంతట నేను కొట్టినాను. నాకు ఏ లోటూ లేదు. మీరు రావద్దు, పాపను తేవద్దు, దానికి అంటుకుంటుంది. మీ మీద నాకు కోపం లేదు. దాన్ని బాగా చూసుకోండి. నా చేతికి అత్త మాటలే వచ్చినాయి, వేరే మాటలు నాకు తెలీవు. నేను తెలుగులో సొంతంగా రాసిన మొదటి రాత అది. మొదటి కథ ఏ పత్రికలో వచ్చిందని అడిగినప్పుడల్లా నేను వేరే పేరు చెప్తాను.

ఇప్పుడు ఆ ఇరవై మూడు ప్యాకేజీల పని నా ఫోనులో ఎవరూ అడక్కుండానే ఉంది. పోయిన వారం ఆ పన్నెండో ఉత్తరాన్ని దాని ముందు పెట్టి చూసినాను. గొలుసుకట్టును కూడా పట్టుకుని, ఎవరో బాగా చదువుకున్న అమ్మాయి గొంతుతో, తడబడకుండా చదివేసింది. మధ్యలో నాలాంటి మనిషి అక్కర్లేదు. అప్పుడే ఇది ఉండుంటే నాయన తన చేత్తో తను పట్టుకుని విని ఉండేవాడు, నాకు అబద్ధానికి చోటు ఉండేది కాదు, తెలుగూ వచ్చేది కాదు. ఏది మేలో నాకు తెలీదు. ఆ రోజు నేను నాయనని కాపాడినాను అని కొన్నేళ్ళు అనుకున్నాను. వయసు మీదపడే కొద్దీ వేరేగా తోస్తుంది. రైలెక్కని మనిషికి నేను నెమ్మది ఇచ్చినాను. అరుగు మీద కూచున్న మనిషి నోరు రెండోసారి నొక్కేసినాను. ఆయన ఒకసారి నొక్కితే, నేను ఒకసారి.

ఆ అబద్ధపు ఉత్తరం కొట్టిన మర్నాడు పొద్దున, తల దువ్వి, ఉతికిన చొక్కా వేసి ఆయన్ని స్టూలు మీద కూచోబెట్టినాను. ఆయనే అడిగి వేయించుకున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టి మీట నొక్కినాను, ఈసారి మిద్దె ఎక్కలేదు, చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరే నిలబడినాను. చిన్న ఉత్తరం, ఎంతసేపు పట్టదు. ఇంకొకసారి అని చేత్తో సైగ చేసినాడు. ఇంకొకసారి నొక్కినాను. అయినాక ఆయనే హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. మొహంలో గీతలన్నీ వదులైపోయినాయి, నేనెప్పుడూ చూడనంత చిన్న వయసు మనిషిగా కనపడినాడు. నేను ఎటువైపు ఉన్నానో తెలీక, మిషను వైపు తిరిగి మాట్లాడినాడు.

"దీనికా పాపా నేను ఇన్నేండ్లు భయపడింది. అప్పుడే విప్పి చదువుకునుంటే ఎంత బాగుండు."

"అవును నాయనా," అన్నాను. "బాగుండు."